శుభ్రమైన కరెంటు

భిలాయి క్యాంప్ 1లో త్రినాథరావు ఇంటికి వెళ్ళినవాళ్ళకు టీ కంటే ముందు వయొలిన్ అందేది. ఉక్కు కర్మాగారం రోలింగ్ మిల్లులో క్రేన్ నడిపి వచ్చిన మనిషి, స్నానం కాగానే క్యాసెట్ పెట్టుకుని కూర్చునేవాడు. తొంభై ఆరులో ఆయనకో దిగులు పట్టుకుంది. వయొలిన్ మసకబారింది. క్యాసెట్లు మార్చాడు, టేప్ రికార్డరు హెడ్ తుడిచాడు, స్పీకర్లు జరిపాడు. చివరికి తప్పంతా కరెంటుదేనని తేల్చాడు. నాగపూర్‌లో ఒక దుకాణంవాడు, కరెంటులోని మురికిని వడకట్టే పెట్టె అంటూ బరువైన ఇనపపెట్టె ఒకటి అంటగట్టాడు.

“ఇప్పుడినండి సార్. తీగ మీద కమాను పాకడం కూడా తెలుస్తంది” అన్నాడు త్రినాథరావు, ఆదివారం వచ్చిన పార్థసారథితో.

పార్థసారథి ప్లాంటులో ఎలక్ట్రికల్ ఇంజనీరు. సంగీతం పిచ్చే వాళ్ళిద్దరినీ కలిపింది.

“కరెంటుని వడకట్టే పని మీ యాంప్లిఫయరే చేసుకుంటుంది త్రినాథరావు గారూ. ఈ పెట్టె చేసేదేమీ లేదు.”

“మీరు కొలిసే మీటరుకి తెల్దు సార్. చెవికి తెలుస్తాది.”

ఆదివారాలు గడిచాయి గాని వాదం తెగలేదు. వడ్డించిన అన్నం చల్లారిపోతుంటే త్రినాథరావు భార్య కనకరత్నమే విసిగి దారి చూపించింది.

“కళ్ళు మూసుకోండి. నాను పెట్టె తగిలిస్తాను, తీస్తాను. ఎప్పుడుందో సెప్పండి.”

త్రినాథరావు మొదట ధీమాగా చెప్పాడు. తర్వాత ఆలోచించి చెప్పాడు. ఆఖరుకి బతిమాలుకుంటున్నట్టు చెప్పాడు. సగానికి సగం తప్పే.

గెలిచిన పార్థసారథి నవ్వలేదు. ఆయన చూపు, సన్నని పైస్వరాలను పెంచే ట్రెబుల్ నాబ్ మీద ఉంది. అది చివరంటా తిప్పి ఉంది.

“ఇంత పెంచారేమిటి? నాకు చెవిలో సూదులు గుచ్చినట్టుంది.”

“తగ్గిస్తే వయొలినే రాదు కద సార్.”

“వస్తోందండీ” అన్నాడు పార్థసారథి మెల్లగా. “మిల్లు చప్పుడులో ఎన్నేళ్ళు పనిచేశారు మీరు?”

త్రినాథరావు భార్య వైపు తిరిగాడు. ఆమె తలొంచుకుని, రెండు చెవుల్లోంచీ దూది తీసింది.

“ఎప్పట్నించే?”

“పోయిన దీపావళి ముందు నించీ. మీరంత ఇష్టంగా కూకుంటే ఏటని సెప్పను?”

పోయిన వినికిడి తిరిగి రాదని ఆసుపత్రిలో డాక్టరు చెప్పాడు. ఆ తర్వాత త్రినాథరావు క్యాసెట్ ముట్టలేదు. ఆదివారం వచ్చిన పార్థసారథి ఊరి కబుర్లు చెప్పి వెళ్ళిపోయేవాడు. పెట్టె మాట మళ్ళీ ఎత్తలేదు.

ఒక సాయంత్రం కనకరత్నమే క్యాసెట్ పెట్టింది. నాబ్ తనకు హాయిగా ఉన్నంత వరకు తగ్గించి, వచ్చి భర్త పక్కన కూర్చుంది. ఇన్నేళ్ళలో ఆమె అలా కూర్చోవడం అదే మొదలు.

“మీకందనిది నాను సెప్తాను. ఇనండి.”

రాగాల పేర్లు ఆమెకు తెలియవు. “పైకెక్కతంది... ఇంకా ఎక్కతంది... అక్కడే నిలబడ్డాది” అంటూ చెబుతోంది.

“గాంధారం మీదే” అన్నాడు త్రినాథరావు, కళ్ళు తుడుచుకుంటూ. “ఇప్పుడు దిగుతాది సూడు.”

“దిగింది” అంది కనకరత్నం.