మంగినపూడిలో వదిలిన చెప్పులు, కృత్తివెన్నుకు వెళ్ళిన కారు

చెప్పులు నేను దాచలేదు. కార్ల అమ్మకంలోకి కొత్తగా వచ్చే పిల్లలకు విజయవాడలో ఇచ్చే శిక్షణ తరగతుల్లో ఇప్పటికీ ఒక కథ చెబుతున్నారట. బందరులో ఒక మేడం ఉండేదని, పోటీ కంపెనీ కారు చూడబోయిన కస్టమర్ల చెప్పులు మాయం చేసి, వాళ్ళను ఎండలో నిలబెట్టి, ఆ కారంటేనే విసుగు పుట్టించి తన కారు అంటగట్టిందని. వినడానికి బాగానే ఉంది. ఆ మేడం నేనే. చెప్పులు కూడా నిజమే. మిగతాదంతా తలకిందులు. చెప్పులు పోయింది పోటీ కారు వల్ల కాదు, నా కారు వల్ల. ఉద్యోగంలో ఉండగా ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా నవ్వి ఊరుకున్నారు. యాభై నాలుగో ఏట నా అంతట నేనే ఉద్యోగ విరమణ చేసి ఇంట్లో ఉన్నాను గనక ఇప్పుడు తీరిగ్గా చెబుతాను.

కరోనా సర్దుమణిగాక వచ్చిన వేసవిలో నన్ను మచిలీపట్నం, అదే బందరు, ఔట్‌లెట్‌కు సేల్స్ మేనేజరుగా వేశారు. అంతకు ముందు గుడివాడలో చాలా ఏళ్ళు మామూలు కార్లు అమ్మాను. మా వృత్తిలో కస్టమర్ని మొదట పలకరించేది సేల్స్ కన్సల్టెంట్. ఆ పైన టీమ్ లీడర్, ఆ పైన సేల్స్ మేనేజర్, అందరి నెత్తినా జనరల్ మేనేజర్. ఔట్‌లెట్ అంటే షోరూమ్‌కు చెల్లెలు లాంటిది. ఒక గాజు గది, ఒక డెమో కారు, ఒక టీ ఫ్లాస్కు. డెమో కారు అంటే కస్టమర్ నడిపి చూడటానికి ఉంచే బండి.

మేము అమ్మవలసింది ఒక ఖరీదైన సెడాన్, అంటే వెనక డిక్కీ విడిగా ఉండే పొడుగు కారు. కంపెనీ దేశానికి కొత్త. ఈ తరహా కార్లలో అప్పటికే ఒక పాత కంపెనీ సెడాన్ రాజ్యమేలుతోంది. మాది దానికంటే బాగా చౌక. పేర్లు చెప్పను. దాన్ని పెద్దకారు అంటాను, మాదాన్ని కొత్తకారు అంటాను. డెల్టాలో ఆస్తి కలిసొచ్చిన ప్రతివాడికీ పెద్దకారే కావాలి. మా కారు దగ్గరికి వచ్చి, తలుపు తీసి, వేసి, "బాగుందండీ" అని వెళ్ళిపోయేవారు. మా వృత్తిలో ఆ మాటకు అర్థం కొనరనే.

వేసవి దాటేలోపు ఒక్క సెడాన్ అయినా అమ్ముడుపోకపోతే ఔట్‌లెట్ మూసేస్తామని జనరల్ మేనేజర్ గారు ముందే చెప్పేశారు. నాకు పోయేదేమీ లేదు, తిరిగి గుడివాడ వెళ్ళేదాన్ని. నా దగ్గర ముగ్గురు అమ్మాయిలు కన్సల్టెంట్లుగా ఉండేవారు. పెడన నుంచి ఒకరు, గూడూరు నుంచి ఒకరు, అవనిగడ్డ నుంచి ఒకరు రోజూ బస్సెక్కి వచ్చేవారు. గేరు పెట్టె గురించి, ఎయిర్‌బ్యాగుల గురించి మగ కస్టమర్లకు గుక్క తిప్పుకోకుండా చెప్పగలిగేంతగా వాళ్ళను తయారుచేశాను. మూసేస్తే వాళ్ళకు విజయవాడ షోరూమ్‌కు రమ్మనే పిలుపు ఉండదు. నా పట్టుదలంతా అందుకే.

ఆ సమయంలో వచ్చారు కృత్తివెన్ను సాంబశివరావు గారు, ఆయన భార్య ఝాన్సీ గారు. రొయ్యల చెరువుల వాళ్ళు. సాంబశివరావు గారు మనసులో పెద్దకారు ఎప్పుడో కొనేశారు. ఝాన్సీ గారి పోరు పడలేక మా గాజు తలుపు తోశారు. కుర్చీలో సగమే కూర్చుని, "మేడం గారూ, మా ఆవిడ ఒక చూపు చూద్దామంది, చూసేశాం" అన్నారు.

"చూడటానికి ఇదేం పెళ్ళికూతురా అండీ? నడపాలి" అన్నాను.

"నడిపి చూస్తే ఏ బండైనా నడుస్తుంది. ఆ పేరు వేరండీ."

నాకు ఒళ్ళు మండింది. మా వృత్తిలో మొదటి నియమం, పోటీ కారును కస్టమర్ ముందు తిట్టకూడదు. రెండో నియమం, పోటీ కారును కస్టమర్ దరిదాపుల్లోకి రానివ్వకూడదు. మొదటిది పాటించాను. రెండోది నాకెప్పుడూ నచ్చలేదు. నా సరుకు మీద నాకు నమ్మకముంటే పక్కన ఏది నిలబడితే నాకేం? రెండూ ఒకే రోజు, ఒకే ఎండలో, అదే మనుషులతో నడిపి చూడండి, పెద్దకారు నేనే తెప్పిస్తాను అన్నాను. సాంబశివరావు గారు ఈసారి కుర్చీలో పూర్తిగా కూర్చున్నారు.

పెద్దకారు చిలకలపూడిలో రోల్డుగోల్డు నగల వ్యాపారం చేసే బాజీ గారిది. గుడివాడలో ఉండగా ఆయన కూతురికి చిన్న కారు నేనే అమ్మాను. అడగ్గానే వస్తానన్నారు. "జీవితమంతా పూత అమ్మినవాణ్ని మేడం, అందుకే కారు మాత్రం అసలుది కొన్నా. మీ కొత్తదాని పక్కన నిలబెట్టి చూపిస్తా, పదండి" అని నవ్వారు.

బందరు నుంచి మంగినపూడి దాకా బాజీ గారి పెద్దకారులో, అక్కడి నుంచి వెనక్కి తిరిగి పెడన మీదుగా కృత్తివెన్ను చెరువుల దాకా మా కొత్తకారులో వెళ్ళాలన్నది ఏర్పాటు. మా కారు ముందుగా మంగినపూడికి నేనే తోలుకెళ్ళి ఉంచాను.

వాళ్ళు దిగేటప్పుడు ముఖాలు చూశాను. హాయిగా ఉన్నారు. బాజీ గారు ఆ కారును మూడేళ్ళుగా వాడుతున్నారు. సీటు పక్కన అట్టపెట్టెలు, కింద ఇసుక, వెనక ఒక గొడుగు. ఎక్కేటప్పుడు సాంబశివరావు గారు చెప్పులు విప్పబోతే, "బావగారూ, నా కారేం మసీదు కాదు, ఎక్కండి" అన్నారట. వాళ్ళు ఒళ్ళు విరుచుకుని కూర్చున్నారు. కాసేపు నడపమని ఝాన్సీ గారికి తాళం ఇస్తే మాత్రం ఆవిడ తీసుకోలేదు. "గీత పడితే మీకు మొహం చూపించలేనండీ" అన్నారట.

సముద్రం చూసి, కొబ్బరినీళ్ళు తాగి వచ్చారు. మా కారు తలుపు తీశాను. సీట్లన్నిటికీ ప్లాస్టిక్ కవర్లు, కాళ్ళ కింద తెల్ల కాగితం. డెమో కారును కొన్నాళ్ళ తర్వాత తగ్గింపు ధరకు అమ్ముతారు, అందుకని అవి తీయకూడదని జనరల్ మేనేజర్ గారి ఉత్తర్వు. ఆ తెలుపు చూడగానే దంపతులిద్దరూ ఆగి, చెప్పులు విప్పి, కాళ్ళు దులుపుకుని, కొత్త ఇంట్లోకి అడుగుపెట్టినట్టు ఎక్కారు. మన దగ్గర కొత్త కారుకు అందరూ చేసే మర్యాదే అది. నేను విప్పడం చూశాను. లోపల పెట్టుకున్నారనుకున్నాను. కస్టమర్ కూర్చున్నాక తలుపు మృదువుగా వేయడం మా పద్ధతి, మృదువుగానే వేశాను.

దారి పొడుగునా ప్లాస్టిక్ కిరకిరలాడింది. నేనే తోలుతూ ఇంజను గురించి, సీటులోంచి వచ్చే చల్లగాలి గురించి చెబుతున్నాను. వాళ్ళు మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని, అరికాళ్ళు కాగితానికి ఆనీ ఆనకుండా పెట్టి, పెళ్ళిచూపుల్లో మగపెళ్ళివారిలా "ఆహా" అంటున్నారు. పెడన దాటేసరికి నాకు అర్థమైపోయింది. ఓడిపోతున్నాం. మా కారు వాళ్ళకు చాలా నచ్చింది, వాళ్ళది మాత్రం కాలేదు.

చెరువు గట్టు పక్కన గ్రావెల్ రోడ్డు మీద ఆపాం. సాంబశివరావు గారు హుందాగా దిగి, ఎండకు కాలిన కంకర మీద కాలు పెట్టి, "అమ్మో!" అని మళ్ళీ సీట్లోకి ఎగిరారు.

"ఝాన్సీ, నా చెప్పులేయి?"

"మీ చెప్పులు మీరు తెచ్చుకోలేదా?"

"నువ్వు తెచ్చావనుకున్నా. నీవేయి?"

ఝాన్సీ గారు వంగి కాళ్ళ కింద చూశారు. తెల్ల కాగితం తప్ప ఏమీ లేదు. "గుమ్మం దగ్గర విప్పాం కదండీ" అన్నారు నెమ్మదిగా. "గుమ్మం మనతో వచ్చేసింది. చెప్పులు అక్కడే ఉన్నాయి."

నేను నవ్వు ఆపుకోలేకపోయాను. కస్టమర్ ముందు అలా నవ్వకూడదు. వాళ్ళూ ఆపుకోలేకపోయారు. చెరువు దగ్గర మేత చల్లే మనుషులు గట్టు మీదికి వచ్చి, తమ యజమాని లక్షల కారులో కాళ్ళు పైకెత్తి కూర్చోవడం చూసి వాళ్ళూ అందుకున్నారు. అంతలో బాజీ గారి ఫోను. "మేడం, మీ కస్టమర్ల చెప్పులు నాలుగూ ఇక్కడ వరసగా మీకోసం ఎదురు చూస్తున్నాయి. కాపలా కాయనా, తెచ్చేయనా?" పెడన దాకా తెమ్మని, అక్కడికి మేమే వస్తామని చెప్పాను.

ఈలోగా చెక్‌ట్రే చూడమని మనిషి పిలిచాడు. చెక్‌ట్రే అంటే రొయ్యలు మేత ఎంత తిన్నాయో తెలియడానికి చెరువులో దించే వల పళ్ళెం. ఝాన్సీ గారు చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, గట్టు పక్కన తడి మట్టిలో దిగి, పళ్ళెం చూసి, "మేత తగ్గించు" అని చెప్పి వచ్చారు. మడమల దాకా బురద. కారు దగ్గరికి వచ్చి ఆగిపోయారు. సీటు అంచున పక్కకు కూర్చుని, కాళ్ళు బయట వేలాడదీసి, "ఇలాగే పెడన దాకా పోనివ్వండి మేడం గారూ, కాగితం పాడవుతుంది" అన్నారు.

నా తెలివంటూ ఏమైనా ఉంటే అది ఇక్కడే అని మీరనుకోవచ్చు. తెలివి కాదు, నాకు కోపం వచ్చింది. సొంత చెరువు గట్టు మీద, సొంత మట్టి కాళ్ళతో ఒక మనిషి నా కారుకు భయపడుతోంది. ఆ కాగితం లాగి అవతల పారేశాను. సీట్ల ప్లాస్టిక్ గోళ్ళతో చించాను. "ఇది కారండీ, దేవుడి పీట కాదు. లోపల పెట్టండి కాళ్ళు. కాదు, ఆ వైపు కాదు, ఇటు రండి. మీరే తోలండి" అన్నాను.

"ఆవిడా? మేత వ్యాను తోలే చెయ్యి అది, ఈ బండి తట్టుకుంటుందా?" అన్నారు సాంబశివరావు గారు.

"మేత వ్యాను తోలే చేతికి ఇదొక లెక్కా?" అని ఝాన్సీ గారు బురద కాళ్ళతోనే స్టీరింగు ముందుకు వచ్చారు.

ఆ తర్వాత నేను నోరు తెరవలేదు. అది నాకు చాలా కష్టమైన పని. వెనక సీట్లో కూర్చుని మొగుడూ పెళ్ళాల వాదన విన్నాను. పట్టుబడికి, అంటే చెరువులో రొయ్యలు పట్టే రోజుకు, వచ్చే కొనుగోలుదారు గట్టు మీద పెద్దకారు చూస్తే బేరం సగం అక్కడే ఆగుతుందని ఆయన అన్నారు. కొనుగోలుదారు చూసేది కౌంటు, అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగాయన్నదని ఆవిడ అన్నారు. "మీ కారు చూసి రొయ్య లావెక్కుతుందా?" అని అడిగారు. పరువు అని ఒకటుంటుందని ఆయన అన్నారు. ఉంటుందని ఆవిడా ఒప్పుకున్నారు. "ఇందాక చెప్పుల్లేకుండా కాళ్ళెత్తుకుని కూర్చున్నారే, అప్పుడే పోయింది. ఇక దేన్ని కొన్నా ఒకటే" అన్నారు. ఒక చేత్తో ట్రాక్టరును దాటేస్తూ అన్నారా మాట. ఆయన డాష్‌బోర్డు పట్టుకుని, "నిదానం తల్లీ" అన్నారే గానీ ఆపమనలేదు. కాసేపటికి తనూ వెనక్కి వాలి, కాళ్ళు చాపుకున్నారు.

పెడనలో బాజీ గారు ఎదురొచ్చారు. డిక్కీ తెరిచి, పాత దినపత్రికలో చుట్టిన చెప్పులు రెండు చేతులా అందించారు. "బావగారూ, నా కారు ఈ రోజు చేసిన డెలివరీ ఇదొక్కటే" అన్నారు. తర్వాత మా కారు లోపలికి తొంగి, సీట్ల మీద వేలాడే ప్లాస్టిక్ పీలికలు, పెడళ్ళ మీద ఆరుతున్న మట్టి చూసి, "ఇప్పుడు కారులా ఉంది మేడం. ఇందాక మా షాపులో నగల పెట్టెలా ఉండేది" అన్నారు. తన పెద్దకారును ఝాన్సీ గారు ఒక్కసారైనా నడపకుండా తీర్పు చెప్పడం అన్యాయమని కూడా బాజీ గారు వాదించారు. ఆ మాట న్యాయమైనదే. మళ్ళీ తాళం ఇచ్చారు. ఆవిడ నవ్వి, చెప్పులు వేసుకుని, మా కారులోకే ఎక్కారు.

బుకింగ్ ఆ వారంలోనే అయింది, ఝాన్సీ గారి పేరు మీద. ప్లాస్టిక్ చించినందుకు జనరల్ మేనేజర్ గారు నన్ను సంజాయిషీ అడిగారు. బుకింగ్ కాగితమే సంజాయిషీగా పంపాను. ఆ తర్వాత తరగతుల్లో చెప్పుల కథ మొదలుపెట్టింది కూడా ఆయనే. ఉత్తర్వు తప్పని ఒప్పుకునేకంటే నన్ను టక్కరిని చేయడం ఆయనకు సులువైంది. ఔట్‌లెట్ మూయలేదు. ఆ ముగ్గురు అమ్మాయిల్లో ఒకరు ఇప్పుడు అక్కడే టీమ్ లీడర్.

ఆ రోజు నేను తెలుసుకున్నది ఇది. రెండు కార్ల మధ్య పోలిక ధర దగ్గర మొదలవదు, పేరు దగ్గరా మొదలవదు. కొనే మనిషి రెండిట్లోనూ ఒళ్ళు దాచుకోకుండా కూర్చున్నాకే మొదలవుతుంది. అంతవరకూ ఆ మనిషి వేరేవాళ్ళ కారులో అతిథి. అతిథులు మెచ్చుకుంటారు, కొనరు. తర్వాత నేనున్నన్నాళ్ళూ నా డెమో కారులో ప్లాస్టిక్ లేదు.

మరుసటి ఏడు బాజీ గారు కూడా మా దగ్గర కొత్తకారు కొన్నారు. పెద్దకారు అమ్మలేదు. పెళ్ళిళ్ళకు, పెద్దమనుషుల ఇళ్ళకు అందులో వెళ్తారు. రోజూ షాపుకు, పనివాళ్ళ ఇళ్ళకు, గుడివాడలో కూతురి దగ్గరికి మా కారు తోలుకెళ్తారు. దేనిలో వెళ్తే ఆ రోజు దాన్నే పొగుడుతారు. నిలదీస్తే టీ తెప్పించి మాట మారుస్తారు. బాజీ గారూ, మీరు ఇది చదువుతారని తెలుసు గనక అందరి ముందూ అడుగుతున్నాను. రేపు రెండిట్లో ఒక్కటే ఉంచుకోమంటే, ఏ తాళం మీ జేబులో ఉంచుకుంటారు?