శనివారం నీసు ముట్టని జాంబీ

ఈ రోజు పొద్దున మా వంటింట్లోంచి బీట్‌రూట్ ఉడుకుతున్న వాసన వచ్చింది. ఆ వాసనకు ఎవరికైనా కూరో, హల్వానో గుర్తొస్తుంది. నాకు మాత్రం శవాలు గుర్తొస్తాయి. మొహాలకు బియ్యప్పిండి పూసుకుని, వేరుశనగ చేలో చేతులు చాపుకుని నడిచే శవాలు. వాటి వెనకే "అట్ల కాదప్పా, ఇంగా మెల్లిగా! సచ్చినోడికి ఏం తొందర?" అని అరిచే మునస్వామన్న.

మునస్వామన్నకు సత్యవేడులో పెళ్లి వీడియోలు తీసే స్టూడియో ఉండేది. మూఢం వచ్చి పెళ్లిళ్లు ఆగిపోతే ఆయన చేతులు ఊరుకునేవి కావు, జాంబీ సినిమాలు తీసి యూట్యూబ్‌లో పెట్టేవాడు. పెళ్లి కెమెరానే కెమెరా, కూలి పనులు లేని ఊరివాళ్లే శవాలు. నేను తిరుచానూరు నుంచి వెళ్లి ఆయన దగ్గర ఎడిటింగ్ పనిలో చేరాను. అప్పటికి నాకు ఎవరికీ చెప్పుకోలేని ఒక భయం ఉండేది. చనిపోయినవాళ్ల మొహం చూడలేను. అంతకు ముందు ఏడాది మా నాయన పోయినప్పుడు షామియానా అనీ, పూలు అనీ వంకలు పెట్టుకుని రోజంతా వీధుల్లోనే తిరిగాను. నాయనను తీసుకుపోయారు. నేను ఆయన మొహం చూడలేదు. అలాంటివాణ్ణి శవాల సినిమాకు ఎడిటర్నయ్యాను. పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టయింది నా పని.

మొదటి షూటింగు శనివారం. మా పెద్ద జాంబీ గంగులప్ప. మనిషి గుండెకాయ అని చెప్పి మేక కార్జం కొరకాలి. ఆయన దాన్ని చేత్తో పట్టుకోను కూడా పట్టుకోలేదు.

"ఈ రోజు శనివారం గదా. నేను నీసు ముట్టను," అన్నాడు.

"నువ్వు సచ్చినోడివప్పా!" అన్నాడు మునస్వామన్న.

"సచ్చినంత మాత్రాన శనివారం పోతాదా? ఏడుకొండలసామి సూస్తానే ఉండాడు."

మిగిలిన శవాలు కూడా తలలూపాయి. వాళ్లలో ఇద్దరు చర్చికి వెళ్లేవాళ్లు. తమకు అభ్యంతరం లేదు గానీ, తోటి శవాలు పస్తుంటే తాము తినడం మర్యాద కాదన్నారు. చివరికి మునస్వామన్న భార్య సెల్వక్క బీట్‌రూట్లు ఉడకబెట్టి తెచ్చింది. గంగులప్ప కళ్లు మూసుకుని, పైకే గోవిందా అని, అప్పుడు కొరికాడు.

"ఆ గోవిందా తీసేద్దామా అన్నా?" అని ఎడిటింగప్పుడు మునస్వామన్నను అడిగాను.

"దాన్ని ముట్టొద్దు. సినిమా అంతా ఆడనే ఉండాది," అన్నాడు.

నిజంగానే జనం ఆ ముక్కనే మళ్లీ మళ్లీ చూసి నవ్వారు.

ఆ షూటింగు రోజు మధ్యాహ్నం గంగులప్ప వేషంతోనే చింతచెట్టు నీడలో నిద్రపోయాడు. లేపుకు రమ్మని మునస్వామన్న నన్ను పంపాడు. తెల్లటి మొహం, తెరిచిన నోరు, పెదవుల మీద ఈగలు. లేపకుండానే వెనక్కి తిరిగాను. మునస్వామన్న వచ్చి ఏమైందని అడిగితే మా నాయన సంగతంతా చెప్పేశాను. తిడతాడనుకున్నాను, లేదంటే ఓదారుస్తాడనుకున్నాను. రెండూ చేయలేదు. భోజనాలకు కేకేసి, శవాల పంక్తి మధ్యలో నన్ను కూర్చోబెట్టాడు. కుడివైపు శవం ఊరగాయ అడుగుతోంది. ఎడమవైపు శవం ఫోన్లో "ఎనుముకు మేత ఏసినావా?" అంటోంది.

"పెద్ద సినిమాల్లో సచ్చినోడికి జుట్టు గూడా చెదరదు. అందుకే బయం," అన్నాడు మునస్వామన్న, విస్తట్లో మజ్జిగ పోసుకుంటూ. "మనోడికి లుంగీ జారతాది, దగ్గొస్తాది. సూస్తే మన ఊరోడే గదా అనిపిస్తాది. మన ఊరోడి దగ్గిర బయమేంది?"

నాకు నవ్వొచ్చి పొలమారింది. పక్కనున్న శవమే నా తల మీద తట్టింది.

ఆ తర్వాత ఆయనతో చచ్చీ చెడీ నాలుగు సినిమాలు పూర్తి చేశాను. వేషం వేసిన శవాలతో భయం పోయింది. అసలైనది ఎదురైతే ఏమవుతానో మాత్రం తెలియలేదు.

పోయిన ఏడాది మునస్వామన్న గుండెపోటుతో పోయాడు. బస్సులో కూర్చున్నంతసేపూ నా మనసు పాత వంకలే వెతికింది. పూలు తెస్తాను, షామియానా చూస్తాను అనుకుంటూ వెళ్లాను. గంగులప్పా మిగతావాళ్లూ అన్నీ ముందే చూసేసి నాకు ఒక్క పనీ మిగల్చలేదు. గడప దగ్గరే నిలబడిపోయాను.

లోపలినుంచి సెల్వక్క నన్ను చూసింది. "రా తమ్ముడూ. సూడు, మీ అన్నకు పౌడరు ఎంత కొట్టినారో! ఆయప్ప బతికుంటే ఒప్పుకుంటాడా?"

వెళ్లాను. చూశాను. నిజంగానే గంగులప్పకు కొట్టినంత కొట్టారు. తువ్వాలు కొసతో మెల్లగా తుడిచాను. కింద నుంచి మా అన్న మొహం బయటికొచ్చింది. చల్లగా ఉంది, అంతే. నాకు నవ్వొచ్చింది, సెల్వక్కకూ వచ్చింది. తర్వాత ఇద్దరం భోరుమన్నాం.

ఇప్పుడు ఎవరింట్లో చావు జరిగినా నేను పూల కోసం పోను, తిన్నగా ఆ మనిషి దగ్గరికే వెళ్లి మొహం చూస్తాను. మునస్వామన్న పోయిన రోజు మాత్రం ఆయన్ను ఎత్తేదాకా లేవలేదు. మా నాయన దగ్గర కూర్చోవలసిన సేపు కూడా అక్కడే కూర్చున్నాను.