ముందు పన్ను, ముందు కుర్చీ

మా అత్తయ్యను వీధిలో అందరూ బూరత్త అంటారు. ఎదురుగా అనే ధైర్యం లేక, ఆవిడ మలుపు తిరిగాక అంటారు. ఆవిడకు ఆ సంగతి ఎప్పుడో తెలుసు. "బూర ఊదేదాన్ని బూరత్త అనక ఫిడేలత్త అంటారా?" అని నవ్వి ఊరుకున్నారు. ఆవిడ నవ్వి ఊరుకున్న విషయాలు నాకు తెలిసి చాలా తక్కువ.

మాది బ్యాండ్ మేళం ఇల్లు. పెళ్లి ఊరేగింపుకైనా, కొత్త షాపు తెరవడానికైనా, చివరికి పోయినవాళ్లను సాగనంపడానికైనా మమ్మల్నే పిలుస్తారు. ముప్పై ఏళ్లకు పైగా మొదటి ట్రంపెట్ మా అత్తయ్యదే. మామయ్య పోయాక బ్యాండ్‌ను ఆయన తమ్ముడు, అంటే మా చిన్నమామయ్య నడిపిస్తున్నారు. ఆయన్ని అందరూ మాస్టరు అంటారు. నేను కోడలిగా వచ్చిన కొత్తలో నాకు ఏ వాద్యమూ రాదని తెలిసి ఇల్లంతా దిగులుపడుతుంటే అత్తయ్య ఒక్క మాటలో తేల్చేశారు. "బోలెడు కోపం ఉంది కదా, తాళాలు ఇవ్వండి." అప్పటినుంచి ఆ రెండు ఇత్తడి తాళాలూ నావే. నా కోపమంతా వాటిమీదే తీరిపోతుంది కాబట్టి మా ఆయన బతికిపోయారు.

మా బ్యాండ్‌లో ఒక పద్ధతి ఉంది. ఏటా పనులు మొదలయ్యే ముందు రిహార్సల్ హాల్లో మొదటి కుర్చీకి, అంటే మొదటి ట్రంపెట్ స్థానానికి, పరీక్ష పెడతారు. ఎవరైనా పోటీకి నిలబడవచ్చు. మిగతావాళ్లంతా కుర్చీలు గోడవైపు తిప్పుకొని కూర్చుంటారు. పోటీదారులు చీటీ వేసుకొని, వచ్చిన వరుసలో వెనక నిలబడి ఒకే పాట వాయిస్తారు. విన్నవాళ్లు కళ్లు మూసుకొని చేతులెత్తాలి. హాలు వాచ్‌మన్ లెక్కపెడతాడు. మొహం చూసి మొగ్గకుండా చెవి మాట వినాలని పెద్దలు పెట్టిన ఏర్పాటు అది. పెద్దల తెలివి మెచ్చుకోదగ్గదే గానీ మా అత్తయ్య దగ్గర చెల్లలేదు. ఆవిడ పై వరుస ముందు పన్ను కాస్త వంకర. ఆ సందులోంచి ప్రతి స్వరానికీ ముందు సన్నగా స్స్‌మని గాలి పలికేది. గోడకు తిరిగినా, దుప్పటి ముసుగేసుకున్నా, ఆ చప్పుడు వింటే వెనక ఎవరున్నారో తెలిసిపోయేది. చేతులు వాటంతటవే లేచేవి.

కిందటేడు ఒక పెళ్లి ఊరేగింపులో ఫోటోగ్రాఫరు వెనక్కి వెనక్కి నడుస్తూ ఫోటోలు తీస్తున్నాడు. కాలు మెలికపడి తూలి, వచ్చి వచ్చి అత్తయ్య ట్రంపెట్‌కే వీపు గుద్దేశాడు. పెదవులకు ఆనించే మౌత్‌పీస్ వెళ్లి పంటికి తగిలింది. ఆవిడ పాట ఆపలేదు. పెళ్లివారి గుమ్మం దాకా వాయించి, మౌత్‌పీస్ విప్పి రక్తం దులిపి, అప్పుడు ఫోటోగ్రాఫరును దగ్గరికి పిలిచారు. ఆవిడ అతనితో అన్న మాటలు రాయడానికి వీలైనవి కావు.

పన్ను ఊడలేదు, వేరు నిలువునా చీలింది. పళ్ల ఆసుపత్రిలో డాక్టరమ్మ నా ఈడుదే, మాటలో తొందర లేని మనిషి. ఎక్స్‌రే చూపించి, పన్ను తీసేయక తప్పదంది.

"పోతే పోయింది డాక్టరమ్మా. నేను మళ్లీ ఊదగలనా లేదా, అది చెప్పండి," అన్నారు అత్తయ్య.

డాక్టరమ్మ తన పై పెదవి మీద వేలు పెట్టి చూపించింది. "పెదవి పంటికి ఆనుకుంటుంది. పన్ను ఎముక మీద నిలబడుతుంది. ఇక్కడ ఎముక బయటి గోడ కాగితమంత పల్చగా ఉంటుందండీ. పన్ను తీసి ఊరికే వదిలేస్తే ఆ గోడ లోపలికి కుంగిపోతుంది, పెదవికి ఆసరా పోతుంది. తర్వాత స్క్రూ బిగించి గట్టి పన్ను కడదామన్నా ఎముక చాలదు."

"కుంగకుండా చూడలేరా?"

"పన్ను తీసిన గుంటలో అప్పుడే ఎముక పొడి నింపుతాం. మీ రక్తం కొంచెం తీసి, దాంట్లోంచి వచ్చే జిగురుతో కలిపి మూస్తాం. అయినా కొంత తగ్గుతుంది. నిలబడినంత నిలబెడతాం. ఊదే సంగతి నేను మాటివ్వలేను."

"మాట మీరివ్వక్కర్లేదు. ఎముక నిలబెట్టండి చాలు," అన్నారు అత్తయ్య.

ఇంట్లో అంత సులువుగా తేలలేదు. "అమ్మా, ఈ వయసులో ఇదంతా ఎందుకు? తీసి పెట్టుకునే పన్ను ఒకటి కట్టించుకుంటే సరిపోతుంది. తినడానికి ఏ ఇబ్బందీ ఉండదు," అన్నారు మా ఆయన.

"తినడానికి నాకు దవడ పళ్లున్నాయిరా. ఇది ఊదడానికి. పెట్టుకునే పన్ను పెట్టుకొని గట్టిగా ఊదితే అది వెళ్లి పెళ్లికొడుకు మీద పడుతుంది."

మర్నాడు మాస్టరు పళ్లు పట్టుకొని పరామర్శకు వచ్చారు. పన్ను పోతున్న మనిషికి యాపిల్ పళ్లు. ఆయన కొడుకు రెండో ట్రంపెట్ వాయిస్తాడు. కుర్రాడు మంచివాడే, పెద్దమ్మ దగ్గర నేర్చుకున్నవాడే. తండ్రి ఆత్రమే చూడలేకపోయాం. ఎద్దు పుండు కాకికి ముద్దా అని ఊరికే అనలేదు.

"నువ్వు మాత్రం ఎంతకాలమని ఊదుతావు వదినా? పెద్ద ఎత్తున సన్మానం చేసి గౌరవంగా పంపిద్దామనుకుంటున్నాం," అన్నారాయన.

"ఎక్కడికి పంపిస్తావు మరిదీ? నేనెక్కడికీ వెళ్లడం లేదే."

"అది కాదు. నెలల తరబడి ఊదని పెదవి పనికి రాదు. నీకు తెలియనిదా? వాడు కూడా ఎదిగొచ్చాడు."

"ఎదిగొస్తే సంతోషం. వచ్చే పరీక్షకు నిలబెట్టు. నేనూ నిలబడతాను. నువ్వు గోడకు తిరిగి విను."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషితో ఎవరు వాదిస్తారు? మాస్టరు వెళ్లిపోయారు. యాపిల్ పళ్లు నేను తిన్నాను.

పన్ను తీసిన రోజు పక్కన నేనే ఉన్నాను. డాక్టరమ్మ దాన్ని గుంజలేదు. బయటి గోడ విరగకుండా చుట్టూ కొద్దికొద్దిగా వదులు చేసి, ముక్కలుగా బయటికి తెచ్చింది. అంతకుముందే చేతి నరంలోంచి తీసిన రక్తాన్ని గాజు గొట్టాల్లో పోసి ఒక యంత్రంలో పెట్టి గిరగిరా తిప్పారు. బయటికి తీస్తే అడుగున ఎరుపు, పైన నీరు, మధ్యలో పసుపుపచ్చని జెల్లీ ముద్ద. దాన్ని అదిమితే పాల మీద మీగడలా పల్చని పొర అయింది. కొంత ముద్దను తరిగి తెల్లటి ఎముక పొడిలో కలిపారు.

"ఆ పొడి ఎవరిది డాక్టరమ్మా?" అన్నారు అత్తయ్య, మొద్దుబారిన మూతితోనే.

"పోయాక ఎముకలు దానం చేసినవాళ్లదండీ. శుభ్రం చేసి పంపిస్తారు."

"పుణ్యాత్ములు. బతికుండగా ఏం పని చేశారో గానీ, ఇకమీదట ట్రంపెట్ నేర్చుకుంటారు."

పొడి నింపారు, పైన పొర పరిచారు, కుట్లు వేశారు. ఇంటికి వచ్చేముందు డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. నోట్లో గాలి ఒత్తిడి పుట్టకూడదు, స్ట్రాతో తాగకూడదు, ఉమ్మకూడదు, తాను చెప్పేదాకా ఊదకూడదు. అత్తయ్య ట్రంపెట్ పెట్టెకు తాళం వేసి, తాళంచెవి నా చేతిలో పెట్టారు. నేను నమ్మాను. బుద్ధి తక్కువ కాకపోతే ఆవిడంతట ఆవిడ తాళంచెవి ఇచ్చినప్పుడే అనుమానించాలి.

ట్రంపెట్ వాళ్లకు ఒక సాధన ఉంది. చేతిలో ఏమీ లేకుండా పెదవులు రెండూ బిగించి బ్ర్‌ర్‌మని అదరగొడతారు, పెదవి పదును పోకుండా. ట్రంపెట్ ఊదనివాడికి దాన్ని వద్దనాలన్న ఆలోచన రానే రాదు. అత్తయ్య లెక్కలో ట్రంపెట్ లేదు, మౌత్‌పీస్ లేదు, కాబట్టి అది ఊదడం కాదు. ఆ వారం ఒక ఉదయం స్నానాల గదిలో కుళాయి చప్పుడు వెనక నాకు తుమ్మెద రొద వినిపించింది. తలుపు తట్టేలోపే ఆవిడ బయటికి వచ్చారు. అరచేతిలో రక్తం, అందులో రవ్వలా తెల్లటి పలుకులు. పెదవి కాపాడుకోబోతే ఎముకకే ఎసరొచ్చింది.

"ఇది ఊదడం కాదనుకున్నానే అమ్మాయ్," అన్నారు. ఆవిడ మొహంలో భయం చూడటం నాకదే మొదలు.

ఇన్నేళ్లలో ఆవిడను పన్నెత్తి మాట అనలేదని చెబితే అబద్ధమవుతుంది. కానీ ఆ పూట అన్నట్టు ఎప్పుడూ అనలేదు. "మీ మరిది చేయలేని పని మీరే చేసి పెట్టారు కదా!" అని అరిచాను. ఆవిడ తల వంచుకొని అరచేయి కడుక్కున్నారు. అదే నాకు ఎక్కువ బాధ కలిగించింది. చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా ఇద్దరం ఆసుపత్రికి పరిగెత్తాం.

పైపొర చిరిగి, కొంత పొడి బయటికి వచ్చేసిందని, బయటి గోడ మాత్రం ఇంకా నిలబడే ఉందని డాక్టరమ్మ చెప్పింది. "మళ్లీ నింపుతాను. ఈసారి పాడైతే ఆ గోడ మిగలదండీ."

అత్తయ్య రెండో చెయ్యి చాపారు. "ఈ చేతిలోంచి తీయండి. ఆ చేతి రక్తం చెప్పిన మాట వినలేదు."

తర్వాత ఆవిడ నిజంగానే పెదవికి సెలవిచ్చారు. అయితే ఇంట్లో కూర్చోలేదు. ప్రతి రిహార్సల్‌కూ ట్రంపెట్ లేకుండా వచ్చి మొదటి కుర్చీలోనే కూర్చునేవారు. పాట నడుస్తుంటే, ట్రంపెట్ మీటలు నొక్కుతున్నట్టు మోకాలి మీద మూడు వేళ్లు ఆడుతుండేవి. "ఊదని మనిషికి ముందు వరుసెందుకు?" అని ఎవరో గొణిగారు. "ఊదనివాళ్లు కూర్చోకూడదని ఎక్కడ రాసి ఉంది?" అన్నారావిడ, తల కూడా తిప్పకుండా. మాస్టరు తర్వాతి పాట ఎత్తుకోమన్నారు. నేను మాత్రం ఆ పూట తాళాలు కాస్త గట్టిగానే కొట్టాను.

నెలలు గడిచాక స్కానింగ్ తీశారు. ఎముక కొంత తగ్గింది, సరిపడా నిలబడింది. అందులో స్క్రూ బిగించారు. అది ఎముకతో అతుక్కునేదాకా మళ్లీ ఎదురుచూశాం. ఆ తర్వాత దానిమీద కొత్త పన్ను కట్టారు, తీరుగా, నిటారుగా.

డాక్టరమ్మ సరేనన్న రోజు, కిటికీలన్నీ మూయించి అత్తయ్య ట్రంపెట్ ఎత్తారు. స్వరం వచ్చింది. గుండ్రంగా, నిండుగా, అద్దంలా వచ్చింది. స్స్‌మనే ఆ గాలి చప్పుడు మాత్రం లేదు. ఆవిడ ఆపి మళ్లీ ఊదారు. మళ్లీ ఆపారు.

"ఇది నేను కాదే," అన్నారు. ట్రంపెట్ ఒళ్లో పెట్టుకొని ఏడ్చారు. నాకూ ఏడుపొచ్చింది. ఆ వంకర పంటి చప్పుడు వింటే నాకెంత ధైర్యంగా ఉండేదో అప్పుడే తెలిసింది.

మర్నాడు పొద్దున్నే కిటికీలు మళ్లీ మూసి ఉన్నాయి. "పాత గొంతు పోయింది, పోనీ," అన్నారు నన్ను చూసి. "ఇది మాత్రం ఎవరిదని? నా రక్తం పోసి నిలబెట్టుకున్నాను. దీనికి పాట నేనే నేర్పుతాను." అన్నట్టే నేర్పారు. పెదవి వాచినా మానలేదు. పరీక్ష దగ్గర పడుతుంటే నాకూ, బ్యాండ్‌లో డ్రమ్ము కొట్టే మా ఆయనకూ ఒక ఆంక్ష పెట్టారు. "ఇంట్లో విన్న చెవికి ఓటు లేదు. మీ ఇద్దరిలో ఎవరు చెయ్యెత్తినా ఊరుకోను."

పరీక్ష రోజు మాస్టరు ఆవిడను పక్కకు పిలిచారు. "వదినా, ఓడితే బాగుండదు. ఆలోచించుకో."

"ఓడితే రెండో కుర్చీలో కూర్చుంటాను. నీ కొడుకు ఖాళీ చేసిందే కదా."

కుర్చీలు గోడకు తిరిగాయి. చీటీ పడింది. మొదటి పాట శుభ్రంగా, చురుగ్గా సాగింది. ఎక్కడా తప్పు లేదు. కుర్రాడు బాగా వాయించాడు, ఆ మాట ఒప్పుకోవాలి. రెండో పాట మెల్లగా మొదలైంది. అందరూ ఊపిరి తీసుకునే చోట ఊపిరి తీసుకోకుండా పై స్వరానికి ఎక్కి, అక్కడ నిలబడి, తొందరపడకుండా దిగివచ్చింది. ఏ స్వరం ముందూ గాలి చప్పుడు లేదు. నా తాళాలు ఎక్కడ మోగిపోతాయోనని ఒళ్లో గట్టిగా పట్టుకున్నాను.

"కళ్లు మూసుకోండి. మొదటి పాటకు చేతులెత్తండి," అన్నాడు వాచ్‌మన్. నాకు ఓటు లేదు కాబట్టి కళ్లు తెరుచుకునే ఉన్నాను. అక్కడక్కడ కొన్ని చేతులు లేచాయి. ముందు పాట అత్తయ్యదే అనుకున్నవాళ్లూ వాళ్లలో ఉండి ఉంటారు. మాస్టరు చెయ్యి కదల్లేదు.

"రెండో పాటకు."

అందరికంటే ముందు మాస్టరు చెయ్యి లేచింది. నిటారుగా, పైకప్పును తాకేలా లేచింది. నెలల తరబడి ఊదని పెదవి అంత పైకి ఎక్కలేదని ఆయన లెక్క; ఆయన పెదవులు "మావాడు" అని కదలడం నేను చూశాను. ఆ తర్వాత వరుసలో చేతుల మీద చేతులు లేచాయి.

"రెండో పాట నెగ్గింది. తిరగండి."

మాస్టరు మొహం నిండా నవ్వుతో, చెయ్యి ఎత్తినవాడు ఎత్తినట్టే తిరిగారు. ఆయన కొడుకు ట్రంపెట్ చంకలో పెట్టుకొని పెద్దమ్మ వైపే చూస్తున్నాడు. అత్తయ్య వచ్చి, మొదటి కుర్చీని గోడవైపు నుంచి ఇటు తిప్పుకొని కూర్చున్నారు.

"చెయ్యి దించకు మరిదీ," అన్నారు. "వెనక వరుసవాళ్లు ఇంకా చూడలేదు."