కంటి కింద సుడి

తొంభైల్లో ఆళ్లగడ్డ చుట్టుపక్కల ట్రాక్టర్లు వచ్చేసినా, నల్లమల కింద మా చేన్లకు పోయే రాళ్లదారిలో నాయన గుర్రం మీదే పోయేవాడు. నంద్యాలలో ఒక వ్యాపారి దగ్గర ఎర్రటి ఆడగుర్రాన్ని కొన్నాడు. దాని ఎడమ కంటి కింద రూపాయి బిళ్లంత మేర వెంట్రుకలు లేవు. తాడు ఒరుసుకుందని వ్యాపారి చెప్పాడు, నాయన నమ్మాడు.

కొన్నాళ్లకు అక్కడ వెంట్రుకలు మొలిచాయి, సుడి తిరిగి. మా వైపు గుర్రం కొనేవాళ్లు పళ్ల కంటే ముందు సుడులు చూస్తారు. కంటి కింద సుడి ఉన్న గుర్రం ఇంట్లో ఏడుపు పెడుతుందంటారు. అందుకే అమ్మేవాళ్లు అక్కడ గొరిగేస్తారు.

మొదట కనిపెట్టింది చిన్నాయన. "మోసపోతివన్నా. దీన్ని బేగా తోలెయ్."

నేనప్పుడు నంద్యాలలో డిగ్రీ చదువుతూ సెలవులకు వచ్చి ఉన్నాను. "గొరిగినన్నాళ్లు ఏడుపు యాడికి పోయింది చిన్నాయనా? ఈ ఏడు శనగ బాగా పండె గదా?" అన్నాను.

"కాలేజీలో గుర్రాల గురించి గూడా చెప్తాండారా అమ్మీ?" అని ఆయన నవ్వాడు.

నాయన నవ్వలేదు. తాను గడ్డం గీసుకునే బ్లేడుతోనే ఆ సుడిని గొరిగాడు. సంజామల నుంచి ఒకాయన కొనడానికి వచ్చాడు. గుర్రాన్ని నడిపించి చూశాడు, డెక్కలెత్తి చూశాడు. చివరికి కంటి దగ్గర ఆగాడు.

"ఇదేందప్పా?"

"తాడు ఒరుసుకునింది," అన్నాడు నాయన.

"కాదన్నా, గొరిగినాం. ఆడ సుడి ఉంది," అన్నాను.

కొనడానికి వచ్చినాయన చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

నాయన నా మీదికి వచ్చాడు. "నా ఇంట్లో నాకే ఎదురు చెప్తాండావా?"

"నువ్వు సుడిని నమ్మితే, తెలిసి తెలిసి ఆయనింట్లో ఏడుపు పెడతాండావు. నమ్మకపోతే గుర్రాన్ని ఎందుకు తోలేస్తాండావు? ఏదో ఒకటి చెప్పు నాయనా."

చిన్నాయన అందుకున్నాడు. "అమ్మకపోతే అడివిలో ఇడిసిపెట్టన్నా. పీడ పోతాది."

కట్టుకొయ్య దగ్గర పెరిగిన జంతువు, చిరుతలు తిరిగే అడవిలో ఒక్క రాత్రి కూడా బతకదు. అది ఆయనకూ తెలుసు. నేను పోయి పగ్గం పట్టుకుని నిలబడ్డాను. "ఇడిసిపెట్టేటప్పుడు నన్నూ ఆడనే ఇడిసిపెట్టి రాండి," అన్నాను. నాయన నన్నూ, గుర్రాన్నీ చూసి, తమ్ముడి వైపు తిరిగి, "పో, పోయి నీ పని చూసుకో," అన్నాడు. ఆ సుడి మీద మళ్లీ బ్లేడు పెట్టలేదు.

రెండు వేల సంవత్సరం దాటాక మా అవ్వ, నాయన వాళ్లమ్మ, పోయింది. పండు ముసలిది, చాన్నాళ్లుగా మంచంలోనే ఉండింది. మేం ఏడ్చాం. ఆ ఏడుపు మధ్యలోనే చిన్నాయన గుర్రపు కొట్టం వైపు చెయ్యి చూపించి, "నేను చెప్పలేదా?" అన్నాడు. చావు లేని ఇల్లు ఉంటే చూపించమని నేను అడగబోయాను. ఆ లోపే నాయన లేచాడు.

"మన నాయన పోయినప్పుడు మనింట్లో ఏ గుర్రముందిరా?"

చిన్నాయన చెయ్యి దించాడు. నాయన కొట్టంలోకి పోయి గుర్రానికి ఉలవలు పెట్టాడు.