ప్లగ్గు మొన రంగు నేనే చెప్పేదాన్ని

మా చిన్నప్పుడు ఆదివారం పొద్దున మా వాకిట్లో పెట్రోలు వాసన వచ్చేది...

అమ్మ చల్లిన సాన్పి ఆరకముందే బాపు కారు బానెట్ ఎత్తేవాడు. కాశిబుగ్గలో మా గల్లీ మొత్తానికీ ఒకటే కారు... పాత తెల్ల పెట్రోలు కారు. దాన్ని పెళ్లిళ్లకు, గుళ్లకు, దవాఖానకు కిరాయికి తిప్పి మమ్మల్ని సాకేవాడు.

ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే చూడాలనేవాడు. వైరు లాగి, పానాతో స్పార్క్ ప్లగ్గు విప్పి నా చేతిలో పెట్టేవాడు.

"మొన ఏ రంగుందో జర చూసి చెప్పు బిడ్డా..."

లేత ఇటుక రంగులో ఉంటే ఇంజన్ బాగున్నట్టు. పొయ్యి మీది గిన్నె అడుగులా పొడి మసి ఉంటే కార్బన్ పట్టినట్టు. నల్లగా, జిడ్డుగా, తడిగా ఉంటే మాత్రం లోపలికి ఆయిల్ వస్తోందని, పెద్ద ఖర్చేనని అర్థం... అప్పుడు బాపు ముఖం చిన్నబోయేది. ప్లగ్గు తీసిన బొక్కలోకి టార్చి కొట్టి చూడడం కూడా నా పనే.

కార్బన్ అయితే పాత టూత్‌బ్రష్షు, కాస్త పెట్రోలు, గరుకు కాగితం... నాలుగు ప్లగ్గులూ తోమి పాత గుడ్డ మీద వరుసగా ఆరబెట్టేదాన్ని. ఎనిమిదేళ్ల పిల్లకు అంతకన్నా పెద్ద ఉద్యోగం ఏముంటుంది చెప్పండి! నన్ను పట్టేవాళ్లు లేరు అప్పుడు.

ఆ ఉద్యోగం నాకెందుకు దక్కిందో ఒకరోజు బాపే చెప్పాడు. దగ్గరివి మసకగా కనిపిస్తున్నాయట. దూరానివి బాగానే కనిపించేవి... ములుగు రోడ్డు మీద ఎదురుగా వచ్చే బస్సు బోర్డు నాకంటే ముందే చదివేవాడు. మరి అద్దాలు తెచ్చుకోరాదా అంటే నవ్వాడు.

"అద్దాలు వెట్టుకున్న డ్రైవర్ కారు ఎవ్వలెక్కుతరు బిడ్డా? గీ ముచ్చట మనిద్దరి నడుమనే ఉండాలె."

సరేనని తలూపాను. ఆ తలూపడం గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మేడారం జాతర దగ్గరపడింది. బాపుకు రెండేళ్లకోసారి చేతినిండా పని దొరికేది ఆ రోజుల్లోనే. పక్క గల్లీ సత్తెమ్మ పెద్దమ్మ ఇద్దరు కోడళ్లను వెంటబెట్టుకుని కారు మాట్లాడడానికి వచ్చింది. బాపు లోపల చేతులు కడుక్కుంటున్నాడు. నేను వాకిట్లో ప్లగ్గు పట్టుకుని కూర్చున్నాను.

"ఏం జేస్తానవే పిల్లా?" అంది పెద్దమ్మ.

"ఇంజన్ల కార్బన్ వట్టిందా అని చూస్తాన పెద్దమ్మా. మా బాపుకు కండ్లు కనవడయి... నేనే చూసి చెప్పాలె!"

కోడళ్లు నవ్వారు. పెద్దమ్మ నవ్వలేదు. వెనక్కి తిరిగితే గుమ్మంలో బాపు... తువ్వాలతో చేతులు తుడుచుకుంటూ అలాగే నిలబడిపోయాడు.

"ఇంట్ల అడిగి మళ్ల వస్తం తమ్మీ..." అంటూ పెద్దమ్మ వెనుదిరిగింది.

వాళ్లు మళ్లీ రాలేదు. రెండు రోజుల్లో ఆ మాట గల్లీ దాటి కార్ల అడ్డా దాకా పోయింది. వాళ్లను తప్పుపట్టడానికి లేదు. కళ్లు కనపడని డ్రైవర్‌ను నమ్ముకుని పిల్లాజెల్లాతో అడవి తొవ్వన ఎవరు పోతారు? ఆ జాతరకు మా గల్లీ అంతా మొక్కు బెల్లం బుట్టలతో వేరే కార్లలో బయల్దేరింది. మా కారు వాకిట్లోనే ఉండిపోయింది.

బాపు నన్ను ఒక్క మాట అనలేదు. రెండు దెబ్బలు వేసినా బాగుండేది...

తర్వాతి ఆదివారం ప్లగ్గు తనే విప్పి, చెయ్యి బారచాపి, ఎండకు పెట్టి అటూ ఇటూ తిప్పుతున్నాడు. "నేను చూస్త బాపూ" అని పక్కకు వెళ్లాను.

"వద్దు బిడ్డా... నువ్వు వోయి చదువుకో."

నా ఉద్యోగం ఆ రోజుతో పోయింది. ఏడాది తిరక్కుండా కారు అమ్మేసి, బాపు ఒక రైస్ మిల్లులో కాపలా పనికి కుదిరాడు. అక్కడ చేరిన వారానికే అద్దాలు కొనుక్కున్నాడు. ఇక ఎవరికీ దాచాల్సిన పని లేదు కదా...

మొన్న ఆదివారం నా పాత కారు పికప్ తగ్గిందని ఇంటి దగ్గరే ప్లగ్గు విప్పాను. నాకిప్పుడు నలభై నాలుగు. మొన మసకగా కనిపించింది. చెయ్యి చాపాను... ఇంకాస్త చాపాను. అచ్చం బాపులాగే. తలెత్తి చూస్తే అంత దూరాన ఉన్న నీళ్ల ట్యాంకు మీది రాతలు, వెలిసిపోయినవి కూడా, ఒక్కో అక్షరం చదవగలుగుతున్నాను!

చత్వారం... అంతే. మా బాపుకు ఉన్నది కూడా అంతే. అలాగే వాకిట్లో కూలబడి ఏడ్చాను.

మా అమ్మాయి వచ్చి ఫోన్‌తో ఫొటో తీసి, పెద్దది చేసి చూపించింది. "నల్లగుంది మమ్మీ, పొడిగనే ఉంది" అంది. ఇప్పుడు ప్లగ్గు చూడడానికి ఎవరూ పిల్లల కళ్లు అడగక్కర్లేదు. అద్దాలు పెట్టుకున్న డ్రైవర్‌ను చూసి ఎవరూ దిగిపోవడమూ లేదు.

"దగ్గరివి" అనే మాట ఒక్కటి కలిపి ఉంటే సరిపోయేది ఆ రోజు. మా బాపుకు దగ్గరివి కనవడయి... అని. బాపు పోయి ఆరేళ్లయింది. ఆ మాట తను ఎత్తలేదని నేనూ ఎప్పుడూ ఎత్తలేదు.

దాచమని ఇంట్లో వాళ్లు చెప్పింది, నోరాగక బయటపెట్టిన రోజు మీకూ ఒకటి ఉంటే కింద రాయండి... వాళ్లింకా బతికుంటే మాత్రం, ఇక్కడ కాదు, ముందు వాళ్లకే చెప్పండి.