చిరుత ఉన్న గది, గుర్తులు చెరిగిన కెమెరా

ఢిల్లీకి డెప్యుటేషన్ మీద వచ్చిన రెండో ఏడు నన్ను ఫరీదాబాద్ వైపు వన్యప్రాణి రక్షణ బృందానికి పశువైద్యాధికారిగా వేశారు. అప్పటికి సెల్‌ఫోన్లలో కెమెరాలు వచ్చాయి గాని చీకట్లో తీస్తే నల్లటి మసి తప్ప ఏమీ కనిపించేది కాదు. అందుకని ఆఫీసు కెమెరా ఒకటి ఎప్పుడూ నా సంచిలో ఉండేది. మా బృందంలో రేంజ్ ఆఫీసరు జనాన్ని అదుపు చేస్తాడు, కాంపౌండరు మందు నింపి అందిస్తాడు, మత్తు తూటా పేల్చేది మాత్రం పశువైద్యుడే. మత్తు తూటా అంటే తుపాకీతో విసిరే సిరంజి. అది తగలగానే జంతువు దబ్బున పడిపోతుందని సినిమాలు చూసినవాళ్ళు అనుకుంటారు. పడిపోదు. మందు ఎక్కేదాకా దానికి తెలివీ ఉంటుంది, కోపమూ ఉంటుంది. మా ఉద్యోగంలో అసలు భయమంతా ఆ కాసేపటిదే.

ఇక కెమెరా సంగతి. ఎవరో మోటుగా వాడి పాడుచేశారనుకునేరు, కాదు. మా శుభ్రతే దాన్ని తినేసింది. చచ్చిన నక్కను కోసినా, గాయపడిన కోతిని పట్టుకున్నా రేబీస్ భయం ఉంటుంది కాబట్టి వాడిన ప్రతి పరికరాన్నీ స్పిరిట్‌తో తుడవాలన్నది నియమం. మా కాంపౌండరు బల్బీర్‌కు నియమమంటే ప్రాణం. సాయంత్రం అయ్యేసరికి కెమెరాను పసిపిల్లకు నలుగు పెట్టినట్టు తుడిచేవాడు. మొదటి ఏడు డయల్ మీది గుర్తులు సగం పోయాయి, రెండో ఏటికి బోడి చక్రం మిగిలింది. చీకటి పడితే ఫ్లాష్ తనంతట తానే వెలిగే స్థానం, అసలు వెలగని స్థానం దాని మీద పక్కపక్కనే ఉంటాయి. వెనక తెర మీద ఆ గుర్తు కనబడే మూల ఎప్పుడో నల్లబడి చచ్చిపోయింది. కొత్తది కావాలని పైకి రాస్తే, ఫొటోలు వస్తున్నాయి కదా అని జవాబొచ్చింది. చేసేది లేక, వెలగని స్థానం దగ్గర మా ఆవిడ గోళ్ళరంగు చుక్క ఒకటి పెట్టుకున్నాను.

"నా గోళ్ళకు లేదు గాని మీ పులులకు సింగారమా!" అని ఆవిడ దెప్పింది.

నవంబరులో ఒక ఉదయం కబురొచ్చింది. కొండ అంచున ఉన్న ఒక కాలనీలో, కుక్కను తరుముతూ వచ్చిన చిరుత ఒక ఇంట్లో దూరింది. ఇంటావిడ నాలుగేళ్ళ కూతుర్ని చంకనేసుకుని బాత్రూంలోకి దూరి గడియ పెట్టుకుంది. పక్కింటివాళ్ళు వీధి తలుపు బయట నుంచి మూసేశారు. అంటే ముందుగదిలో చిరుత, ఆ గదిలోకే తెరుచుకునే బాత్రూంలో తల్లీ బిడ్డా. మధ్యలో ఉన్నది పల్చటి ఫైబర్ తలుపు. నేను గట్టిగా భుజంతో నెడితే ఊడొచ్చే తలుపు అది.

బాత్రూం వెనక గోడకు జానెడు జాలీ ఉంది. దాని దగ్గర చెవి పెడితే లోపల నుంచి "అమ్మా దుర్గమ్మా, అమ్మా దుర్గమ్మా" అని వినబడింది. అంతదాకా అదొక కేసు, ఆ మాటతో అది మనవాళ్ళ ఇల్లయిపోయింది.

"అమ్మా, నేను పశువుల డాక్టర్ని. తెలుగువాణ్ణే. మెల్లగా మాట్లాడండి," అన్నాను.

ఏడుపు బిగబట్టుకుని, "మాది విజయనగరమండీ. సరోజిని నా పేరు. మా ఆయన ఢిల్లీలో ఆఫీసుకెళ్ళిపోయారు. పిల్లని బతికించండి డాక్టరుగారూ, నా సంగతి తరవాత," అంది.

వెనక గోడ పగలగొడదామని రేంజ్ ఆఫీసరు అన్నాడు. ఆ చప్పుడుకు చిరుత ముందు ఆ ఫైబర్ తలుపునే చీలుస్తుందని నేను ఒప్పుకోలేదు. టీవీ, ఫ్యాను లాంటివేవీ ఉన్నట్టుండి మోగకూడదని కరెంటు తీయించాం. ముందుగదికి ఉన్న ఒక్క కిటికీకి సగం కూలర్ అడ్డం, మిగతా సగానికి మందపాటి తెర. కర్రతో తెర అంచు కాస్త ఎత్తి పేల్చాలి. కుడి అంచా, ఎడమ అంచా? జంతువు ఎక్కడుందో, ఎటు తిరిగి ఉందో తెలియందే తెర ముట్టుకోకూడదు. వీధి తలుపు మీద గాలీ వెలుతురూ రావడానికి పెట్టిన చిన్న కంత, రోషన్‌దాన్, ఉంది. అందులో తల పట్టదు, చెయ్యి పడుతుంది. కెమెరా లోపలికి పెట్టి ఫొటో తీయాలి. ఫ్లాష్ వెలిగిందా, చిరుత బెదిరి ఆ ఫైబర్ తలుపు మీద పడుతుంది, ఇక అంతే సంగతులు.

కెమెరా తీసి చూద్దును కదా, చుక్క లేదు! క్రితం రోజు నక్క పోస్ట్‌మార్టం అయ్యాక బల్బీర్ అదీ తుడిచేశాడు. వేళ్ళకు అలవాటైన చోటికి డయల్ తిప్పి, సందులో గోడకు గురిపెట్టి నొక్కాను. ఫ్లాష్ వెలగలేదు. హమ్మయ్య అనుకుని నిచ్చెన వైపు కదిలాను.

జాలీ ముందు నుంచి వెళ్తుంటే సరోజిని గొంతు వినబడింది. "డాక్టరుగారూ, లైటు రాదా అండీ? చీకటికి పిల్ల బెంబేలెత్తిపోతోంది."

చీకటి! ఎండలో ఆ రెండు స్థానాల్లో దేంట్లో పెట్టినా ఫ్లాష్ వెలగదు. నేను చేసిన పరీక్ష ఎందుకూ కొరగానిది.

పక్కింటి గోడ మీద మందపాటి దూది రజాయి ఆరేసి ఉంది. దాన్ని లాగి నిండా కప్పుకుని సందులోనే చతికిలబడ్డాను. "డాక్టర్ సాబ్ కో ఠండ్ లగ్ గయీ!" అని, నాకు చలేసిందనుకుని ఎవడో నవ్వాడు. లోపల నొక్కాను. కళ్ళ ముందు మెరుపు మెరిసినట్టయింది. నేను ఇందాక పెట్టింది వెలిగే స్థానమే. ఒక మెట్టు తిప్పి మళ్ళీ నొక్కాను, వెలగలేదు. ఇంకోసారి నొక్కాను, వెలగలేదు. ఫ్లాష్ మీద ప్లాస్టర్ అంటించొచ్చు కదా అంటారు. అదీ చూశాను, వెనక్కి తిప్పి నొక్కితే నాలుగు పొరల్లోంచి కూడా లాంతరులా వెలిగింది. మళ్ళీ వెలగని స్థానానికి తెచ్చి, డయల్ కదలకుండా దాని చుట్టూ ప్లాస్టర్ బిగించాను.

నిచ్చెనెక్కి చెయ్యి లోపలికి పెట్టాను. నాకు భయం వేసింది, చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. చెయ్యి మోచేతిదాకా లోపల, మిగతా నేను బయట. కెమెరాను చట్రానికి ఆనించి నొక్కి, వెనక్కి లాక్కుని చూశాను. మసగ్గా ఉన్నా తెలుస్తోంది. చిరుత బాత్రూం తలుపుకు వీపు ఆనించి పడుకుని ఉంది. తల ఎత్తి సరిగ్గా రోషన్‌దాన్ వైపే చూస్తోంది.

కుడి అంచు ఎత్తితే తొడ దొరుకుతుంది. కాని దెబ్బ తగలగానే అది ఎగబడేది ఆ తలుపు మీదికే. జాలీ దగ్గరికి వెళ్ళి సరోజినికి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. పిల్లను మూలకు చేర్చి, నీళ్ళు నిండిన డ్రమ్ము తలుపుకు అడ్డుండేలా దాని వెనక కూర్చుని, ఏం జరిగినా అరవొద్దన్నాను.

"సరేనండీ," అంది.

లోపల నుంచి పిల్ల గొంతు ఖంగున మోగింది. "మమ్మీ, బిల్లీ చలీ గయీ క్యా?" పిల్లి వెళ్ళిపోయిందా అని అడుగుతోంది.

పరుగున కిటికీ దగ్గరికి వచ్చేశాను. బల్బీర్ కర్రతో తెర ఎత్తాడు. చిరుత అప్పటికే లేచి నిలబడి తలుపు వాసన చూస్తోంది. పేల్చాను. అది ఒక్క గర్జనతో తలుపు మీద పడింది. కింది పలక నిలువునా పగిలింది. సందులోంచి దాని పంజా లోపలికి వెళ్ళడం చూశాను. లోపల నుంచి అరుపు వినబడలేదు. పంజా బయటికి వచ్చింది. చిరుత గది చుట్టూ తిరిగింది, తూలింది, మంచం పక్కన కూలబడింది. మందు పూర్తిగా ఎక్కిందని నమ్మేదాకా తలుపు తీయనివ్వలేదు.

సరోజిని డ్రమ్మును కావలించుకుని ఉంది. తన చున్నీ కొస నోట్లో కుక్కుకుంది. పిల్ల ఆమె వెనక క్షేమంగా ఉంది.

తరవాతి వారం కెమెరా బాగుచేసే దుకాణానికి వెళ్తే, చెరిగిన గుర్తులన్నీ తెల్లరంగుతో కొత్తవాటిలా దిద్దిస్తానన్నాడు దుకాణదారు. వద్దన్నాను. వెలగని స్థానం దగ్గర ఆకురాయితో ఒక గాటు పెట్టించుకున్నాను. స్పిరిట్‌తో ఎంత తుడిచినా గాటు చెరగదు, చీకట్లో వేలికి అది తెలుస్తుంది. చిరుతను పట్టిన రోజు సాయంత్రం అడవిలో వదిలినప్పుడు రాసిన నివేదికలో ఈ సంగతేదీ లేదు. అందులో మందు మోతాదు, జంతువు బరువు మాత్రమే రాస్తారు.

పనిముట్టును ఎక్కడ వాడతామో అక్కడి పరిస్థితిలోనే పరీక్షించాలి. ఆ ఉదయం నేర్చుకున్నది అంతే. మరుసటి ఏడు కొత్త కెమెరా వచ్చింది. డయల్ మీద ప్రతి గుర్తూ తళతళలాడుతోంది. దాన్నీ దుప్పటి కింద నొక్కి చూశాకే, ముట్టినట్టు సంతకం పెట్టాను.