నల్ల చీటీ

ఎనిమిదేళ్లుగా ఒక మనిషి బరువును మోస్తున్నాను. బతికున్నప్పుడు అతని కోసం నేను పది అడుగులు వేసి ఉంటే, ఇవాళ ఈ కాగితం రాసే పని ఉండేది కాదు.

ఈ సంగతి నా భార్యకు కూడా తెలియదు. మీకు ఎందుకు చెబుతున్నానంటే మీరు నన్ను ఎరగరు. రేపు ఆఫీసు మెట్ల మీద ఎదురై నా మొహంలోకి చూడరు. పిరికివాళ్లు ఒప్పుకునే పద్ధతి ఇలాగే ఉంటుంది కాబోలు.

నేను రెవెన్యూలో పనిచేస్తాను. తిరుపతి చుట్టుపక్కల విపత్తుల మాక్ డ్రిల్లులు జరిపించడం నా పని. తీవ్రవాదులు దాడి చేస్తే, ఫ్యాక్టరీలో గ్యాస్ లీకైతే, పోలీసులు ఏం చేయాలి, ఫైరింజను ఎటునుంచి రావాలి, అంబులెన్సు ఎవరిని ముందు ఎక్కించుకోవాలి, ఇవన్నీ ముందే ఉత్తుత్తిగా చేసి చూసుకుంటాం. ఉత్తుత్తి ప్రమాదానికి ఉత్తుత్తి బాధితులు కావాలి కదా. అందుకని కింది ఉద్యోగులను పడుకోబెడతాం. అటెండర్లు, హోంగార్డులు, ఊళ్లలో ఇప్పటికీ తలారులనే పిలిచే గ్రామ సహాయకులు. కుర్చీ ఉన్నవాడెవడూ దెబ్బ తగిలినట్టు నేలమీద పడుకోడు. అలా అని ఎక్కడా రాసిపెట్టలేదు, అయినా ఎవరూ తప్పరు.

మునిరత్నం అలాంటి తలారి. యాభై దాటిన మనిషి. నోరు ఊరుకోదు.

తడ దగ్గర ఒక ఫ్యాక్టరీలో డ్రిల్లు పెట్టాం. రెండు రోజుల ముందు మీటింగులో పెద్దాఫీసరు ఎదుట నేను ప్లాను చదివాను. నిజం చెప్పాలంటే అది అంతకు ముందటి ఏడాది ప్లాను. తేదీ మార్చాను, అంతే. మా దగ్గర చాలా ప్లానులు అలాగే తయారవుతాయి. జనాన్ని వెనక గేటు గుండా బయటికి పంపాలని చదవగానే గోడవారన నిలబడ్డ మునిరత్నం గొంతు సవరించుకున్నాడు. ఆ గేటు తెరిచి రెండేళ్లయిందని, తాళం తుప్పు పట్టిందని, జనాన్ని అటు తోలితే గోడకూ గ్యాసుకూ మధ్య ఇరుక్కుపోతారని చెప్పాడు. పెద్దాఫీసరు నావైపు చూసి, ప్లాను మీరు రాశారా, ఆయన రాశాడా అని అడిగాడు. హాలంతా నవ్వింది.

ఆ సాయంత్రమే వెళ్లి చూశాను. తాళం తుప్పు పట్టే ఉంది. ప్లాను మార్చాను. అతని మాట నిజం కావడమే నాకు ఇంకా మండింది.

డ్రిల్లులో బాధితుల మెడకు రంగు చీటీలు కడతాం. ఎర్ర చీటీ అంటే వెంటనే ఎత్తుకుపోవాలి. పసుపైతే కాసేపు ఆగొచ్చు. ఆకుపచ్చ వాళ్లు నడవగలరు. నల్ల చీటీ అంటే చనిపోయినట్టు. అందరినీ తీసుకెళ్లాక చివరన, తీరిక దొరికితే, వాళ్ల దగ్గరికి వెళతారు. చీటీలు పంచింది నేనే. మునిరత్నం మెడకు నల్లది నా చేత్తోనే కట్టాను. మే నెల, పదకొండు గంటల ఎండ. ట్యాంకు పక్కన సిమెంటు నేల చూపించాను.

"సార్, నాకి షుగర్ ఉండాది," అన్నాడు. "పొద్దున్నే మాత్ర ఏసుకున్నా. బస్సు తప్పిపోతాదని ఏమీ తినకుండా వచ్చినాను. ఆ షెడ్డు నీడలో పండుకుంటా సార్."

"చచ్చినోడికి నీడెందుకప్పా?"

పక్కనున్నవాళ్లు నవ్వారు. మొన్న నన్ను చూసి నవ్వినవాళ్లే. ఆ నవ్వు నాకు ఎంత హాయిగా ఉందో దాచకుండా చెబుతున్నాను.

"అట్ల కాదు సార్, కండ్లు తిరగతాండాయి."

"గేట్ల సంగతంతా నీకే తెలుసు గదా. కండ్ల సంగతి గూడా నువ్వే సూసుకో. పండుకో పో."

పడుకున్నాడు. చెప్పులు విడిచి తలకింద పెట్టుకున్నాడు. శవానికి దిండెందుకని వాటినీ తీయించాను.

పెద్దాఫీసరు రావడం గంటన్నర ఆలస్యమైంది. మిగతా బాధితులు లేచి నీడకు పోయారు, మజ్జిగ తాగారు. నేను వాళ్లనేమీ అనలేదు. మునిరత్నం ఒక్కడే నేలమీద ఉన్నాడు. నేను లెమ్మంటే లేస్తాడు. అనలేదు. ఒకసారి చెయ్యి పైకెత్తాడు. నా చేతిలో మైకు ఉంది. "శవం చెయ్యి ఎత్తకూడదు" అన్నాను. మళ్లీ నవ్వులు. చెయ్యి దిగింది. ఆ తర్వాత లేవలేదు.

అతను చచ్చిపోతాడని అనుకున్నానా? లేదు. బాధపడతాడని అనుకున్నానా? అనుకున్నాను. కావాలనుకున్నాను. షుగర్ పడిపోయిన మనిషికి ఎలా ఉంటుందో నాకు తెలియదా? ఆ వారమే హోంగార్డులకు పాఠం చెప్పాను. చెమటలు పడతాయి, కళ్లు తిరుగుతాయి, వెంటనే నోట్లో చక్కెర వేయాలి అని బోర్డు మీద రాశాను. ఆ చేత్తోనే మైకు పట్టుకున్నాను. తెలిసీ తెలియనట్టు ఉండిపోవడం ఎంత సులువో చెబితే మీరు నమ్మరు.

సైరను మోగింది. డ్రిల్లు బ్రహ్మాండంగా సాగింది. ఎర్ర చీటీల వాళ్లను మోసుకుపోయారు, తర్వాత పసుపు వాళ్లను. ఒక నర్సు మునిరత్నం దగ్గర ఆగి, చీటీ చూసి, పుస్తకంలో ఏదో రాసుకుని వెళ్లిపోయింది. ఆ అమ్మాయి తప్పేమీ లేదు, మేం నేర్పినట్టే చేసింది. చివరన స్ట్రెచర్ మీదికి ఎత్తుతూ ఒకడు, ఈయప్ప బలే నటిస్తాండాడే అన్నాడు. రెండోవాడు ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసి అరిచాడు. అప్పటికి ఊపిరి ఉంది. ఆసుపత్రి చేరేలోపే పోయింది.

విచారణ జరిగింది. మృతుడు తన అనారోగ్యం గురించి ఎవరికీ చెప్పలేదని రాసి ఇచ్చాను. నవ్వినవాళ్లందరూ కింద సంతకం పెట్టారు. ఎవరినీ బతిమాలే పని పడలేదు.

ఇంతవరకే అయితే ఏదో ఒక సాకు చెప్పుకునేవాణ్ణేమో. తర్వాత చేసినదానికి సాకు కూడా లేదు.

అతని భార్య గోవిందమ్మ ఆఫీసుకు వచ్చింది. బస్సులో పక్క సీటు వాళ్లకు కూడా తన షుగరు కథ చెప్పే మనిషి, ఆఫీసరుతో చెప్పలేదా అని అడిగింది. లేదమ్మా, మొగమాటపడ్డాడేమో అన్నాను. నా మొహంలోకి చాలాసేపు చూసింది. నమ్మింది. ఏడవలేదు, కోపం తెచ్చుకుంది. నోరుండీ చెప్పుకోలేక సచ్చినాడా ఆ మనిసి, అంది.

ఆ కోపం నాకు పనికొచ్చింది. మరుసటి ఏడాది నుంచి, జబ్బు దాచకండి అని డ్రిల్లులకు ముందు ఒక అవగాహన క్లాసు పెట్టాను. పైవాళ్లు మెచ్చుకుని ప్రశంసాపత్రం ఇచ్చారు. ఆ క్లాసులో మాట్లాడటానికి గోవిందమ్మను పిలిపించాను. ఎందుకు పిలిచాను? ఆ అబద్ధాన్ని ఆమె నోటితోనే చెప్పిస్తే ఇక ఎవరూ అనుమానించరనా? అప్పుడు అలా అనుకోలేదు. ఇప్పుడు చూసుకుంటే ఇంకో కారణం కనబడదు. ఏటా వస్తుంది. ఉతికిన చీర కట్టుకుని, మధ్యాహ్నం బస్సుకు తిరిగి వెళ్లిపోతుంది.

పోయిన నెల పలమనేరులో క్లాసు. గోవిందమ్మకు మైకు నేనే అందించాను. మా ఆయన దాసిపెట్టినాడు, ఒక్క మాట సెప్పుంటే ఈ సార్ లాంటోల్లు కాపాడుండరా, ఆయన మూర్ఖత్వానికి నేను ముండమోసినాను అంది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. దిగొచ్చాక నాకు దండం పెట్టి, ఇంట్లో ఆయన ఫోటోకు పూలు పెట్టడం మానేసి చాలా కాలమైందని, సూస్తేనే కోపమొస్తాదని చెప్పింది.

ఆరోజు ఆమెతో చెప్పలేదు. రేపు చెబుతానని మీకు మాటివ్వను. వచ్చే క్లాసు జాబితాలో ఆమె పేరు ఇప్పటికే రాసి ఉంది, నా రాతే. మీరు నన్ను క్షమించాలని ఇది రాయడం లేదు. రాయకుండా ఇంక ఉండలేను, అంతే. ఈ నాలుగు ముక్కలు రాసేసరికి ఛాతీలో కొంచెం తేలికైంది. ఆ తేలిక కూడా నాకే దక్కింది, ఆమెకు దక్కలేదు.

గోవిందమ్మా, మీ ఆయన దాచలేదు. రెండుసార్లు చెప్పాడు. నేను విన్నాను.